గిర్నీలో ఫోన్ ఇంటర్వ్యూ

మా ఆయన నోయల్‌కు ఇంగ్లీషు నేర్పడానికి పడినంత కష్టం బీదర్‌లో మా స్కూలు పిల్లలతో కూడా పడలేదు నేను. కన్నడ మీడియంలో బీకాం చదివాడు. ఇంగ్లీషులో నీ గురించి చెప్పమంటే నేల చూపులు చూసేవాడు. హైదరాబాద్‌లో కాల్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. జిరాక్స్ షాపులో ఇంకెన్నాళ్లు నిలబడతావని రోజూ సతాయించింది నేనే. ఒప్పుకుంటాను, నాకు నోరెక్కువ.

మొదటిది గ్రూప్ డిస్కషన్. అందరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతుంటే, మా ప్రార్థన కూటంలో ఆమెన్ వినబడేదాకా ఆగినట్టు ఈయన ఆగాడు. అక్కడ ఆమెన్ ఎవరంటారు? నోరు తెరవకుండానే తిరిగొచ్చాడు. తర్వాత నెలరోజులు, నేను మాట్లాడుతుంటే అడ్డం పడటం నేర్పించాను. ఆ విద్య మాత్రం తొందరగానే పట్టుబడింది.

రెండోది ఎదురుగా కూర్చుని చేసే ఇంటర్వ్యూ. అన్నీ బాగానే చెప్పాడట. పెళ్లయిందా అంటే, అయింది, భార్య టీచరు అన్నాడట. రాత్రి డ్యూటీ, హాస్టల్లో ఉండాలి, పెళ్లికానివాళ్లే కావాలి అన్నారట. బస్సు దిగి వచ్చిన మనిషి మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా తిట్టాను.

మూడోసారి ఇంకో కంపెనీవాళ్లు ఫోన్‌లోనే ఇంటర్వ్యూ అన్నారు. ఈసారి పెళ్లి కాలేదని చెప్పమన్నాను. ఏడాది ఓర్చుకుంటే నన్నూ తీసుకుపోతాడు కదా అనుకున్నాను.

"యేసును ఎరగనన్న పేతురు లెక్క జేస్తున్నవ్ గదనే నన్ను," అని నవ్వాడు.

మొదట్లో ఆ ఒక్క మాట దగ్గరే నాలుక తడబడేది. తడబడిన ప్రతిసారీ తొడపాశం పెట్టాను. వారం తిరిగేసరికి తడబాటు పోయింది.

మాకు ఫోన్ లేదు. మా వీధి చివర ఖండప్ప మామ పిండిగిర్నీ నంబరు ఇచ్చాం. ఆ రోజు పదకొండింటికి మామ గిర్నీ ఆపేశాడు. జొన్నల సంచులతో వరుసలో ఉన్న ఆడవాళ్లు కిక్కురుమనలేదు. పక్కింటి సిద్దమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలలూ గోడ అవతల నుంచి నా అరుపులన్నీ విన్నది ఆమే.

నోయల్ స్పీకర్ నొక్కాడు. నేను జవాబులు రాసిన కాగితం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఎంత చక్కగా మాట్లాడాడని! పెళ్లి కాలేదని మంచినీళ్లు తాగినంత సులువుగా చెప్పాడు. గుండెలో కలుక్కుమంది. నువ్వు చెప్పించిందే కదే అని నన్ను నేనే కసురుకున్నాను.

అప్పుడు ఆ మేడం మెచ్చుకుంటూ ఇంకో మాట అడిగింది. చిన్న ఊర్లో ఉండి ఇంత మంచి ఇంగ్లీషు ఎవరి దగ్గర నేర్చుకున్నావంది.

ఆ ప్రశ్న మేం అనుకోలేదు. ఒక టీచరమ్మ నేర్పింది అంటే చాలు. అబద్ధం ఆడే పనే లేదు. నేను వేలితో నన్నే చూపించుకున్నాను.

నోయల్ నా వేలు చూశాడు, నన్నూ చూశాడు. ఎవరూ లేరు మేడం, నా అంతట నేనే నేర్చుకున్నాను అని ఇంగ్లీషులో చెప్పాడు. ఒక్క తప్పు లేదు.

ఒకటో తారీఖున వచ్చి చేరమంది ఆమె. ఫోన్ పెట్టేసి ఖండప్ప మామను ఎత్తుకున్నంత పని చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎట్ల చెప్పిన?" అన్నాడు. తప్పు మాట అన్నానన్న ఊసే లేదు ఆ మొహంలో. తెలిసి దాచుకున్నా బాగుండేది.

"మంచిగ చెప్పినవ్," అన్నాను.

సిద్దమ్మక్కకు ఇంగ్లీషు రాదు. సంచి దించి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నేర్పింది నువ్వేనని చెప్పిండా, లీయమ్మా?"

వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ నన్నే చూస్తున్నారు.

"చెప్పిండక్కా."

"పేరు గూడ?"

"పేరు గూడ చెప్పిండు," అన్నాను.