మామగారి పోస్టల్ ఓటు

ఆసుపత్రి లాండ్రీలో పొద్దున ఆరింటికి ఎక్కిన డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి దిగేసరికి కోడలి ఒళ్లు హూనమైపోయేది. తడి దుప్పట్లు మిషన్లోంచి లాగడం, ఆరినవి మడతపెట్టడం, వార్డుల వారీగా కట్టలు కట్టడం. ఆ తర్వాత ఇంటికొస్తే మూడో అంతస్తు దాకా మెట్లు. లిఫ్టు లేదు. భర్త లారీ ఎక్కాడంటే పదిహేను రోజులకు గానీ దిగడు. ఇక ఇంట్లో మిగిలింది తనూ, మామగారూ.

మామగారు ఒకప్పుడు ఊళ్లో పేరున్న బోర్డు ఆర్టిస్టు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి పద్నాలుగు నెలలైంది. మంచం నుంచి కిటికీ దగ్గరి కుర్చీ దాకా, అంతే ఆయన ప్రయాణం. ఎన్నికల తేదీ రేడియోలో చెప్పిన రోజే కేకేశారు.

"అమ్మాయ్, ఈసారి నేను ఓటెలా వెయ్యాలి?"

"ఈ ఒక్కసారికి మానేస్తే పోలా మామయ్యా? మెట్లు దిగలేరు కదా."

"నలభై ఏళ్లుగా ఒక్కసారీ మానలేదు. అన్ని పార్టీల బోర్డులూ ఈ చేత్తోనే రాశాను. ఓటు మాత్రం నాకు నచ్చినవాడికే వేశాను. ఎవరికో మీ అత్తకి కూడా చెప్పలా."

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఆమెకు తెలుసు. బూత్‌కి రాలేనివాళ్లకు బ్యాలెట్ ఇంటికే పంపుతారని లాండ్రీలో ఎవరో చెబితే, ఎన్నికల ఆఫీసుకెళ్లి దరఖాస్తు తెచ్చింది. పేరు, పుట్టిన తేదీ, ఓటరు నంబరు, రాలేకపోవడానికి కారణం అన్నీ తనే నింపింది. సంతకం ఆయనే చెయ్యాలి. ఎడమచేత్తో పెన్ను పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ ఐదు నిమిషాలు తంటాలు పడ్డారు. చివరికి పడింది ఒక వంకర గీత.

ఎనిమిది రోజులకు ఉత్తరం వచ్చింది. మీ సంతకం మా రికార్డులోని సంతకంతో సరిపోలనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. ఆమె దాన్ని మెట్ల మీదే చదివి, అక్కడే కాసేపు కూలబడింది. పైకి వెళ్లి మామగారికి చెప్పలేదు. మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా ఆఫీసుకెళ్లింది.

క్యూలో గంటన్నర నిలబడ్డాక క్లర్కు కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. "చూడమ్మా, ఇదీ పాత సంతకం."

మొదటి అక్షరం నిండుగా లేచి, మిగతావన్నీ ఒకదాన్నొకటి అందుకుంటూ సాగి, చివర కింద గీతతో ఆగింది. కొలత పెట్టి రాసినట్టుంది. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. రోజూ అన్నం కలిపి నోట్లో పెడుతోంది గానీ, ఆ చెయ్యి ఒకప్పుడు ఇలా తిరిగేదన్న సంగతే మర్చిపోయింది.

"ఆయన చెయ్యి పడిపోయిందండీ. సంతకం ఆయనే చేశారు, నేను పక్కనే ఉన్నా."

"ఆయన చెయ్యలేదని నేనట్లేదమ్మా, కాగితం అంటోంది." క్లర్కు సొరుగులోంచి ఇంకో ఫారం తీసింది. "సంతకం చెయ్యలేనివాళ్లు వేలిముద్ర వెయ్యొచ్చు. పక్కన సాక్షి సంతకం కావాలి. ఇంట్లోవాళ్లు పనికిరారు. తర్వాత వచ్చే బ్యాలెట్ కవరు మీద కూడా ఇదే పద్ధతి."

"గడువెప్పటిదాకా?"

"ఎల్లుండి సాయంత్రం."

సాక్షి ఎవరు? ఎదురింటికి తాళం. లాండ్రీలో పనిచేసేవాళ్లంతా ఊరికి ఆ చివరుంటారు. మిగిలింది కింది అంతస్తులో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు. నాలుగేళ్ల కిందట వీళ్ల బాత్‌రూం నీళ్లు కారి ఆయన సీలింగ్ పాడైంది. మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచీ ఆయనకీ మామగారికీ ఉప్పూ నిప్పూ. వేరే దారి లేక ఆమె తలుపు కొట్టింది.

డ్రైవరు అంతా విన్నాడు. "మీ మామ పంపాడా?"

"లేదు బాబాయిగారూ. ఆయనకి తెలీదు."

"నేను ఏ పార్టీ మనిషినో ఆయనకి తెలుసు. ఆయన ఓటు నా ఓటుకి ఎదురే పడుతుంది. నేను సంతకం పెట్టకపోతే మావాళ్లకే లాభం."

"అవునండీ," అంది ఆమె. వాదించే ఓపిక లేదు. గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

సబ్బునీళ్లకు పగిలిన ఆమె వేళ్లని డ్రైవరు ఒక్క క్షణం చూశాడు. లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకున్నాడు. "పద."

అతన్ని చూడగానే మామగారు మొహం చిట్లించారు. "వీడెందుకొచ్చాడు?"

"నీ బొటనవేలు నీదేనని చెప్పడానికి," అన్నాడు డ్రైవరు. "కాలూ చెయ్యీ కదలకపోయినా నోరు మాత్రం టాప్ గేర్లోనే ఉందే."

కాగితం జారిపోకుండా డ్రైవరే అదిమి పట్టుకున్నాడు. మామగారు ముద్ర వేశారు. పక్కన డ్రైవరు సాక్షి సంతకం పెట్టాడు. కళ్లజోడు జేబులో పెట్టుకుని కిందికి దిగిపోయాడు.

పోలింగ్‌కి రెండు రోజుల ముందు బ్యాలెట్ వచ్చింది. పోస్టులో తిరిగి పంపితే సమయానికి చేరదు, చేతికిచ్చి రావాల్సిందే. సూచనలు రెండుసార్లు చదివి వినిపించింది. బ్యాలెట్ చిన్న కవరులో, చిన్న కవరు పెద్ద కవరులో, పెద్ద కవరు మీద వేలిముద్ర, సాక్షి సంతకం.

"ఇక నువ్వు బయటికి పో," అన్నారు మామగారు.

ఆమె వంటింట్లోకి వెళ్లి గోడకి చేరబడింది. నిలబడే కునుకు పట్టింది. ఎంతసేపైందో, పిలుపు వినబడింది.

"అమ్మాయ్, మడత పడట్లేదు. రా, కానీ చూడకు."

ఆమె కళ్లు మూసుకుంది. చేతులకి కళ్లతో పని లేదు, రోజంతా చేసేది అదే. అంచుకి అంచు కలిపి మూడు మడతలు వేసి, తడుముకుని చిన్న కవరులో పెట్టి అంటించింది. "చూశావా?" "లేదు మామయ్యా." "నిజంగా?" "ఒట్టు."

పెద్ద కవరు చేతికి తీసుకున్నాక మామగారు నసిగారు. "కిందాయన్ని ఓసారి పిలువు."

మర్నాడు క్లర్కు ఆ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర కొట్టి రసీదు ఇచ్చింది. "సరిగ్గా ఉందమ్మా. మరి మీ ఓటు?"

"రేపు రెండింటికి డ్యూటీ దిగి వేస్తానండీ."

పోలింగ్ రోజున రెండో షిఫ్టువాళ్లు ఇద్దరు రాలేదు. సూపర్‌వైజరు వచ్చి బతిమాలాడు. వార్డుల్లో దుప్పట్లు నిండుకున్నాయట. "ఆరింటిదాకా పోలింగ్ ఉంటుంది కదా. ఐదింటికల్లా పంపిస్తా." ఐదు కాస్తా ఆరున్నరైంది. ఆమె బూత్ పెట్టిన స్కూలు ముందుకొచ్చేసరికి పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది.

మెట్లెక్కి తలుపు తీస్తే, కిటికీ దగ్గర డ్రైవరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రేడియోలో ఎంత శాతం పోలింగో చెబుతున్నారు. దాని మీద ఇద్దరూ గట్టిగా కీచులాడుకుంటున్నారు.

"వేశావా?" అడిగారు మామగారు.

"లేదు మామయ్యా. అప్పటికే మూసేశారు."

డ్రైవరు రేడియో కట్టేశాడు. ఆమె చెప్పులైనా విప్పకుండా గుమ్మం పక్కనే చతికిలబడింది. మామగారు తన ఎడమచేతి వంక చూసుకున్నారు. బొటనవేలి మీద సిరా మరక ఇంకా పోలేదు.

"నా ఒక్క ఓటుకి ఇన్నిసార్లు తిరిగావు," అన్నారు. "మరి నీ ఓటు సంగతేంటని ఒక్కసారీ అడగలా నేను. వచ్చేసారి రెండు ఫారాలు పట్రా. ముందు నీది నింపు."

"సరే మామయ్యా."

"రెంటికీ సాక్షిని నేనే," అన్నాడు డ్రైవరు.

"నా చేతులు బానే ఉన్నాయి కదా బాబాయిగారూ." నవ్వబోయింది, ఆవులింత వచ్చింది. పొయ్యి వెలిగించాలని లేవబోతే కాళ్లు మాట వినలేదు.

"కూర్చోమ్మా," అంటూ డ్రైవరు లేచి వంటింట్లోకి నడిచాడు. గిన్నెల చప్పుడు. "పంచదారెక్కడ?" అని అరిచాడు.

"నాకేం తెలుసయ్యా!" అని అరిచారు మామగారు.

పై అరలో నీలం డబ్బా అని చెబుదామనుకుంది కోడలు. చెప్పేలోపే నిద్రలోకి జారిపోయింది.