ముప్పైమూడు పూసల గొలుసు

మా ఆయన నవ్వితే పడిపోయేవారు. నవ్వలేక పడిపోయామని అందరూ మాటవరసకంటారు. ఈయన నిజంగానే పడేవారు. ముందు దవడ జారేది, తరవాత మోకాళ్ళు. నిమిషంసేపు తడిగుడ్డలా నేలమీద ఉండిపోయేవారు. తెలివి మాత్రం ఉండేది. చుట్టూ అనుకునేవన్నీ వినపడేవి, నాలుక కదిలేది కాదు. ఆయన పనిచేసే బైండింగ్ షాపులో అత్తిపత్తి అని పేరు పెట్టారు.

పెళ్ళయిన పదకొండేళ్ళకు గానీ సరైన డాక్టరమ్మ దొరకలేదు. ఆవిడ కాగితం మీద చిన్న గొలుసు గీసింది. మెదడు అడుగున కొన్ని వేల కణాలు ఒరెక్సిన్ అనే పెప్టైడును తయారుచేస్తాయట. పెప్టైడంటే ప్రోటీనుకు చిట్టి చెల్లెలు, దీనికి అమైనో ఆమ్లాలనే పూసలు ముప్పైమూడే. ఒక కణం విడిచిపెడితే ఇంకో కణం అందుకుంటుంది. మెలకువగా ఉండు, ఒళ్ళు వదిలెయ్యకు అని దాని కబురు. ఈయనలో ఆ కణాలు దాదాపు అన్నీ పోయాయి. అందుకే పగటి నిద్ర, నవ్వొస్తే పడిపోవడం.

"పోయినవి తిరిగిరావమ్మా. పడిపోకుండా మాత్రలిస్తాను. ఉన్నట్టుండి ఆపేస్తే మాత్రం మునుపటికన్నా ఎక్కువ పడతారు," అంది.

ఆనాటినుంచీ బైండింగుకొచ్చిన వైద్యం పుస్తకాల్లో పాడైన అచ్చు కాగితాలు తెప్పించుకుని, ఒరెక్సిన్ అన్న పేరు కోసం వెతికేదాన్ని.

మాత్రలతో రెండేళ్ళు ఒక్కసారీ పడలేదు. అప్పుడే షాపులో పనివాళ్ళందరినీ చూసుకునే మేస్త్రీ పని మానేశాడు. ఆ చోటు మా ఆయనకిద్దామని యజమాని అనుకుంటున్నట్టు తెలిసింది. కుట్టుపనిలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. అదే షాపులో కటింగ్ మెషిన్ చూసేది మా బావగారు, ఆయన సొంత అన్న. పధ్నాలుగో ఏట ఈయన మొదటిసారి పడినప్పుడు తల నేలకు తగలకుండా పట్టుకున్నది ఆయనే. ఎన్నిసార్లు పడినా ఆయనే.

యజమాని మాట్లాడడానికి వస్తానన్న వారంలోనే మందుల షాపులో మాత్రలు అయిపోయాయి. రెండు మూడు రోజులు పడుతుందన్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు మా ఆయన. మొదటి రోజు ఎలాగో గడిచింది. ఆయనకు తెలియకుండా బావగారింటికి వెళ్ళి, కాస్త కనిపెట్టుకుని ఉండమని బతిమాలుకున్నాను. నేనుండగా నీకెందుకమ్మా బెంగ అన్నారు.

మర్నాడు యజమాని వచ్చాడు. అందరూ నిలబడి ఉండగా బావగారు ఉన్నట్టుండి వాళ్ళ నాన్నగారి గొంతును అనుకరించారట. మామగారు రేడియోలో వార్తలు చదివేవాడితో పోట్లాడేవారు: "వానన్నావు, రోజంతా గొడుగు మోశాను. ఇప్పుడు నువ్వొచ్చి మొయ్యి!" ఆయన పోయి ఏళ్ళయినా అన్నదమ్ములిద్దరికీ అంతకన్నా నవ్వొచ్చేది ఇంకోటి లేదు. మా ఆయన పళ్ళు బిగబట్టారు. నవ్వు ఆగలేదు. కాగితాల కట్టల మధ్య కూలిపోయారు.

బావగారు ఎప్పటిలాగే పట్టుకున్నారు. తన చొక్కా విప్పి, మడిచి, తలకింద పెడుతూనే యజమానితో అన్నారట, "చూశారుగా. పదిమందిని వీడికెలా అప్పజెపుతారు?" ప్రతి ముక్కా మా ఆయనకు వినపడింది. వినపడుతుందని బావగారికీ తెలుసు.

మేస్త్రీ పని బావగారికే వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, తమ్ముడి మంచికే చేశానన్నట్టు ఏదో గొణిగారు.

"రెండేళ్ళుగా పడనివాణ్ణి. ఇవాళ పడతానని నీకెలా తెలుసు అన్నయ్యా?" అని అడిగారు మా ఆయన.

బావగారు నావైపు చూపించారు. "మాత్రలు లేవని నీ పెళ్ళామే వచ్చి చెప్పింది."

బావగారు వెళ్ళిపోయాక నేను చెప్పుకోవాల్సిందంతా చెప్పుకున్నాను. భయమేసిందన్నాను. పడితే పట్టుకుంటారని చెప్పానన్నాను.

"పట్టుకున్నాడుగా," అన్నారు మా ఆయన.

మర్నాటి నుంచి ఆ షాపుకి వెళ్ళలేదు. ఊరి అవతల ఇంకో బైండింగ్ షాపులో చేరారు. మాత్రలు వచ్చాయని కబురందితే తనే వెళ్ళి తెచ్చుకున్నారు. ఎన్ని తెచ్చారో నాకు చెప్పలేదు.