ఎడమచేతి భయం

నేను ఒక పిరికి గ్లౌజును. మోటారుసైకిలు నడిపేవాళ్లు ఎండాకాలం తొడుక్కునే రకం, అందులోనూ ఎడమచేతిది. కొండలెక్కిన గ్లౌజులూ విమానాలు తోలిన గ్లౌజులూ తమ ధైర్యం గురించి చెప్పుకుంటాయేమో, నాకు చెప్పుకోవడానికి భయం తప్ప ఏమీ లేదు. వినేటప్పుడు నవ్వొస్తే నవ్వుకోండి గానీ, మధ్యలో ఇది మరీ అబద్ధమని మాత్రం అనకండి. నా కుట్ల మీద ఒట్టు, ఇందులో ముప్పాతిక నిజమే.

ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. బూట్లకు వాడగా మిగిలిన వలగుడ్డ నా వీపు. సోఫాలకు వేయగా మిగిలిన రెగ్జిను ముక్క నా అరచెయ్యి. మిషను సూది నా వేళ్ల సందుల్లో నిమిషానికి వెయ్యిసార్లు దిగింది. లోకంలో నాకు మొదట తెలిసిన సంగతి అదే, వణుకు. నన్ను కుట్టినావిడ మాత్రం హాయిగా కూనిరాగం తీస్తూ కుట్టింది. మనుషులంతే. తమ చేతిలో ఉన్నదానికి భయమేస్తోందేమోనని ఒక్కసారీ అనుకోరు. కుడిచేతి తమ్ముణ్ని నా పక్కన పెట్టి, కవరులో వేసి, మూటగట్టి లారీ ఎక్కించారు.

పల్నాడులో, నరసరావుపేట బస్టాండు గోడ పక్కన, సైదులు అనే అతను మమ్మల్ని విప్పి తీగకు వేలాడదీశాడు. నల్ల కళ్లద్దాలు, హెల్మెట్లు, వాటి మధ్యన మేము. అప్పుడు చూశాను పల్నాడు ఎండని. ఒక కాకి ఎగరడం మానేసి, ఆగి ఉన్న బస్సు నీడలోకి దిగింది. బస్సు కదిలితే ఆ నీడ వెంటే నడుచుకుంటూ డిపో దాకా వెళ్లింది. కోడిగుడ్లు అమ్మే ముసలాయన బుట్ట దించి చూసుకుంటే పైవరస ఉడికిపోయి ఉంది, కిందివరసలో పిల్లలు లేచి కూర్చుని ఉన్నాయి. నవ్వకండి. తీగ మీద నుంచి నేను కళ్లారా చూశాను. ఈ ఊళ్లో నన్ను ఎవరూ కొనకపోతే బాగుండునని మొక్కుకున్నది ఆ రోజే.

మొక్కు ఫలించలేదు. నాగులమీరా వచ్చాడు.

ఊళ్లు తిరిగి, ఎదకొచ్చిన గేదెలకు సూదివేసి చూడి కట్టించడం ఆయన పని. జనం డాక్టరంటారు. ఆయన అవుననడు, కాదనడు. ఆ పనిలో కుడిచెయ్యి సూదిగొట్టం పట్టుకుంటుంది, అంతే. ఎడమచెయ్యి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, భుజం దాకా గేదె లోపలికి వెళ్లి, కంటికి కనిపించని గర్భసంచి మూతిని తడిమి పట్టుకోవాలి. అక్కడ దీపం ఉండదు, వేళ్లే కళ్లు. మీరా అన్నం తినేది కుడిచేత్తోనే అయినా, ఆ అన్నం తెచ్చిపెట్టేది ఎడమచెయ్యి.

ఆ ఎడమచెయ్యి బొబ్బలెక్కి ఉంది. గేదె ఎద సాయంత్రం చల్లబడేదాకా ఆగదు. పూట దాటిందంటే మళ్లీ మూడు వారాల మాటే. అందుకని ఫోను రాగానే మిట్టమధ్యాహ్నమైనా బయలుదేరాలి. క్లచ్చి పిడి ఇనుము, నిప్పు మీద అట్లకాడ. బొబ్బలెక్కిన వేళ్లకు లోపల ఏం తగులుతోందో సరిగ్గా తెలియక, ఆ నెలలో కొన్ని సూదులు నిలవలేదట. ఇదంతా సైదులు ముందు ఏకరువు పెట్టాడు. భార్య కరీమున్ పాత జీన్సు ప్యాంటు కత్తిరించి గ్లౌజులు కుట్టిచ్చిందట. పది నిమిషాల్లో చేతులు చిలగడదుంపల్లా ఉడికాయట. సాక్సులు తొడుక్కుంటే క్లచ్చి జారి కందిచేలోకి దిగాడట. గుంటూరులో పెద్ద షాపులో మంచివి చూసి, చీటీ మీద ధర చదివి, తేలుని ముట్టుకున్నట్టు వదిలేశాడట.

సైదులు మమ్మల్ని తీగ మీద నుంచి లాగి, మంచినీళ్ల ప్యాకెట్టు కొరికి మా మీద కుమ్మరించాడు.

"తడిపి తొడుక్కో అన్నా. గాలి కొట్టేకొద్దీ చల్లబడుద్ది. చేతికి ఏసీ పెట్టుకున్నట్టే."

అతని చేతులకు మాత్రం ఏ గ్లౌజూ లేదు. నూట ఎనభై చెప్పిన బేరం నూట పదికి తెగింది.

ఏసీ అన్నది అబద్ధం కాదు. బోరింగు కనపడ్డ ప్రతిచోటా మీరా దిగి, మమ్మల్ని ముంచి, పిండకుండా తొడుక్కునేవాడు. వల కన్నాల్లోంచి గాలి దూరి చల్లగా ఉండేది. వారం తిరిగేసరికి బొబ్బలు మానిపోయాయి. భార్యకు చెయ్యి చూపించి మురిసిపోయాడు. నాకు మాత్రం లారీలంటే భయం, గేదె తోకంటే భయం, అన్నిటికన్నా బండి వెనక కట్టిన క్యాను అంటే భయం.

ఆ క్యానులో నైట్రోజన్ ద్రవం ఉంటుంది. వీర్యం గొట్టాలు చెడిపోకుండా అందులో వేలాడుతుంటాయి. మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. పొగ ఉంది కదా వేడేమో అనుకుంటే పొరపాటు, హిమాలయాలు కూడా దుప్పటి అడిగేంత చలి. మీరాకి ఒక సరదా ఉంది. ఊరి పిల్లలు మూగితే వేపరెబ్బ తెంపి అందులో ముంచి తీసి, గోటితో టక్కున కొట్టేవాడు. పచ్చటి ఆకులు గాజుపెంకుల్లా పొడిపొడిగా రాలేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. హ్యాండిలుకు వేలాడుతూ నేను నా అయిదు వేళ్లూ లెక్కపెట్టుకునేదాన్ని.

ఆ క్యాను ముట్టుకునేటప్పుడు వేసుకోమని ఎప్పుడో మందపాటి తోలు గ్లౌజులు ఇచ్చారు. వాటితో కరీమున్ ఇంట్లో బిర్యానీ దేగిసా దించుకుంటోంది. మీరా మమ్మల్ని విప్పి, ఉత్తచేతులతోనే మూత తీసేవాడు. ఆ విప్పడం ఒక్కటే నా ప్రాణానికి ధైర్యం.

మే నెల చివర్లో రాళ్లవాగుపాలెం నుంచి పిచ్చమ్మ ఫోను చేసింది. ఆమెకున్నది ఒకటే గేదె. రెండుసార్లు సూదివేసినా నిలవలేదు. పొద్దున్నుంచి అరుస్తోందట. ఊరి బయట బోరింగు దగ్గర మీరా మమ్మల్ని ఎప్పటికన్నా ఎక్కువగా ముంచాడు. నీళ్లోడుతూ కొట్టం ముందు దిగాం.

"ఏందల్లుడా, చేతులకి జోళ్లు తొడిగావే? రేపు కాళ్లకి గాజులేస్తావా?" అంది పిచ్చమ్మ.

"మధ్యాహ్నం పూట నువ్వు బండి తోలి చూడత్తా. నెత్తిక్కూడా జోళ్లు అడుగుతావు."

పక్కింటి ఏడుకొండలు గేదె తాడు పట్టుకున్నాడు. పిచ్చమ్మ గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు తెచ్చిపెట్టింది. గొట్టం క్యానులోంచి తీయగానే ఆ నీళ్లలో కాసేపు ఉంచి కరిగించాలి. రెండుసార్లు చూసింది కాబట్టి ఆమెకు ఆ సంగతి తెలుసు. మీరా క్యాను దించి మూత మీద చెయ్యి వేశాడు. మమ్మల్ని విప్పలేదు. చల్లగా, హాయిగా ఉన్నాం కదా. ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాడు. విప్పు మహానుభావా అని నేను ఎంత మొత్తుకున్నా, గుడ్డకు నోరెక్కడిది?

ఎడమచేత్తో లోపలి డబ్బా కాడ పైకెత్తి పట్టుకుని, కుడిచేతి పట్టకారుతో గొట్టం తీసి గిన్నెలో వేశాడు. అంతలో గేదె నడుం తిప్పి కాలు ఝాడించింది. క్యాను ఒరిగింది. తెల్లటి పొగతో ఆ ద్రవం బుస్సుమని నా మీద పడింది.

ఉత్తచెయ్యి అయితే ఆ ద్రవం జారి కిందపడి ఉండేదేమో. నేను వలను, అందులోనూ తడిసిన వలను. కన్నాలన్నిట్లోనూ దాన్ని పట్టుకున్నాను. నాలో ఉన్న నీళ్లన్నీ ఒక్క క్షణంలో రాయి అయ్యాయి. ఎండ నుంచి కాపాడమని కొనుక్కున్న మనిషి వేళ్లను నేనే కరిచి పట్టుకున్నాను. నాకు వేపరెబ్బ గుర్తొచ్చింది. మీరాకీ అదే గుర్తొచ్చి ఉంటుంది. కేక పెట్టలేదు. తన చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూస్తూ, దేనికీ తగలకుండా గాలిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఏడుకొండలు తాడు వదిలి పరుగెత్తుకొచ్చి నా కొస పట్టుకున్నాడు.

"పీకమాకరా. తోలు దాంతోపాటే ఊడొచ్చుద్ది," అంది పిచ్చమ్మ.

"పొయ్యిలో నిప్పుంది పిన్నీ, కాపుదాం."

"నిప్పొద్దు. గొట్టాన్ని ఎట్టాంటి నీళ్లలో వేస్తాడో, చెయ్యి కూడా అట్టాంటి నీళ్లలోనే పెట్టాల."

గిన్నె చిన్నది, చెయ్యి పట్టదు. కొట్టం ముందు నీళ్లతొట్టి ఉంది. పొద్దుటి నుంచి ఎండకు కాగి, గేదె మూతి పెట్టి వద్దని తిప్పేసుకున్న నీళ్లు. పిచ్చమ్మ మీరా మోచెయ్యి పట్టుకుని నాతో సహా అందులో ముంచింది. ఏ ఎండకి జడిసి ఆయన నన్ను కొన్నాడో, ఆ ఎండే తొట్టిలో కూర్చుని మా ఇద్దరినీ మెల్లగా కరిగించింది.

కరిగేటప్పుడు వచ్చింది నొప్పి. మీరా పళ్లు పటపటలాడాయి.

"మంటగా ఉందత్తా."

"ఉండనీయ్. మంట తెలియకపోతేనే భయపడాల."

నా అంతట నేనే జారి నీళ్లలో తేలాను. వేళ్లు మైనం ముద్దల్లా తెల్లగా ఉన్నాయి. మీరాని కళ్లు మూసుకోమని, పిచ్చమ్మ ఒక్కో వేలూ గిల్లింది. బొటనవేలికి ఊఁ అన్నాడు. చూపుడువేలికి, నడిమివేలికి ఊఁ అన్నాడు. ఉంగరంవేలికి కాస్త ఆలస్యంగా అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఊరుకున్నాడు.

"గిల్లవేందత్తా?"

చిటికెనవేలి మీద పిచ్చమ్మ గోరు దిగిన గుర్తు తొట్టిలోంచి నాకు కనపడుతూనే ఉంది.

వెంటనే ఆసుపత్రికి పొమ్మంటే వినలేదు. పూట దాటుతోందన్నాడు. గిన్నెలో వేసిన గొట్టం చెడిపోయింది గానీ, క్యాను అడుగున ఇంకాస్త ద్రవం మిగిలింది. ఏడుకొండలు చేత మరో గొట్టం తీయించి, ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ఆ చేతినే గేదె లోపలికి పంపాడు. బయటికి తీశాక, గోడ అవతల ఎవరో తడుముతున్నట్టుంది తప్ప ఏమీ తెలియలేదని, అలవాటు కొద్దీ గుడ్డిగా వేశానని చెప్పాడు. ఏడుకొండలు బండి తోలితే, మీరా వెనక కూర్చుని ఆసుపత్రికి వెళ్లిపోయాడు. తమ్ముడు ఆయన జేబులో ఉన్నాడు. నేను తొట్టి గట్టు మీద ఉండిపోయాను.

రెగ్జిను బీటలు వారింది. వేళ్లు బిగుసుకుని, ఎవరినో ఆగమన్నట్టు నిలబడ్డాయి. నన్ను పెంటకుప్పలో వేస్తారనుకున్నాను. పిచ్చమ్మ నన్ను తిప్పి తిప్పి చూసి, నల్లదారం కట్టి, కొట్టం గుంజకు దిష్టి తగలకుండా వేలాడదీసింది. నాకంటే పిరికిది ఈ మండలంలో లేదు. నాకిచ్చిన ఉద్యోగం చూశారా, చెడుచూపుని బెదరగొట్టడం!

అక్కడ వేలాడుతూ మూడు నెలలు ఒకటే భయపడ్డాను. ఆ చేతికి స్పర్శ తిరిగి రాకపోతే దాన్ని తినేసింది నేనే కదా. గేదె మళ్లీ అరవలేదు. అరవకపోతే చూడి నిలిచినట్టేనని ఏడుకొండలు అన్నాడు. చూడి పరీక్షకు వేరే ఊరి డాక్టరుని పంపుతానని మీరా రెండుసార్లు ఫోనులో చెప్పాడు. నువ్వొస్తేనే చూపిస్తా, లేకపోతే లేదని పిచ్చమ్మ మొండికేసింది.

ముసురు పట్టిన ఒక ఉదయం వచ్చాడు. హ్యాండిలుకు తమ్ముడు వేలాడుతున్నాడు, పక్కన నారింజరంగు కొత్త ఎడమది. తమ్ముడు నన్ను చూసి తల తిప్పుకున్నాడు, నేనేం అనుకోలేదు. క్యాను మీద మాత్రం తోలు గ్లౌజులు ఉన్నాయి, బిర్యానీ వాసనతో సహా.

ఇన్నాళ్లూ ఏ గేదెనీ పరీక్ష చేయలేదని, చేతిని అడగాలంటే భయంగా ఉందని మీరా చెప్పాడు. పిచ్చమ్మ తోక పక్కకు పట్టుకుంది. చెయ్యి లోపలికి వెళ్లింది. మీరా కళ్లు మూసుకున్నాడు. అంతసేపు నిలబడితే గేదె కూడా విసుక్కుని వెనక్కి తిరిగి చూసింది.

"ఉంది," అన్నాడు.

"ఏముంది?"

"నా చెయ్యి ఉందత్తా. గేదె కూడా చూడిదే."

చిటికెనవేలికి మాత్రం స్పర్శ రాలేదట, నాలుగు చాలన్నాడు.

పది నెలలు నిండాక దూడ పుట్టింది. వణికే కాళ్ల మీద లేచి నిలబడి, గుంజ మీద బిగుసుకుపోయిన అయిదు వేళ్లను చూసి, బెదిరి తల్లి కిందికి దూరింది. నన్ను చూసి భయపడ్డ మొదటి ప్రాణి అదే. నాకు సిగ్గేసింది. భయపడకే, నాకూ భయమే అని చెబుదామనుకున్నాను.

చెప్పాల్సిన అవసరం రాలేదు. మూడోరోజుకి మెడ చాచి, నా చిటికెనవేలు నోట్లో పెట్టుకుని చీకింది. వెచ్చగా ఉంది. రోజూ వస్తోంది. పళ్లు గట్టిపడ్డాక నన్ను మొత్తంగా నమిలేస్తుందని తెలుసు. దాని అడుగు వినపడితే ఇప్పటికీ వణుకుతాను. వణుకుతూనే, వేలు కాస్త కిందికి వంచుతాను. అందాలి కదా.