పద్నాలుగు అడుగుల సందు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటంటే, నేను చేసిన పొరపాటుకు నావాళ్ళెవరో పైకెక్కి, దిగలేక అక్కడే చిక్కుకుపోవడం. మామూలుగా మనుషులకు ఇలాంటి భయం ఉండదు. నాకూ మొన్నమొన్నటిదాకా లేదు. అంతకుముందున్నవన్నీ తల్లులందరికీ ఉండే భయాలే. మా బుడ్డిది గుండీ మింగుతుందేమో, ముక్కులో బఠాణీ గింజ దూర్చుకుంటుందేమో, తలుపు సందులో వేలు పెడుతుందేమో. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని నేను.

నేను ఒక గోడౌనులో పెట్టెలకు చీటీలు అంటించేదాన్ని. చదువు ఎనిమిదితో ఆగిపోయింది కాబట్టి చీటీ మీద ఏముందో చదవగలను, ఎందుకుందో అడగను. ఆ పని ఇప్పించింది మా మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. స్టోర్‌కీపరు ఆయనే, సరుకు లాగే మనిషీ ఆయనే. సరుకు పేర్చే చెక్కబల్లను పాలెట్ అంటారు. దాని కిందికి చేతిబండి ఫోర్కులు దూర్చి, పిడి కొట్టి పైకి లేపి, నడుం వంచి లాగాలి. ముప్ఫై ఏళ్ళు లాగి లాగి మామయ్య నడుం అలాగే వంగి ఉండిపోయింది. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా కంచాన్ని ఎక్కడికో లాక్కెళుతున్నట్టే కూర్చుంటాడు.

ఒకరోజు పొద్దున మేనేజరుగారు అందరి ముందూ ఒక మాట చెప్పారు. అందరి ముందూ అంటే నా ముందూ, మామయ్య ముందూ.

"హెడ్డాఫీసు వాళ్ళు కరెంటు మెషీను ఇస్తామంటున్నారయ్యా. సరైనది ఎంచుకున్నామా, నువ్వు హాయిగా మీటలు నొక్కుకుంటూ ఉంటావు. తప్పుది ఎంచుకున్నామా, మళ్ళీ చేతిబండే. ఆ నడుంతో ఇంకో ఏడాది లాగలేవు, ఇంటికి పంపేస్తారు. నన్ను తిట్టుకోకు."

ఎంచుకోవడానికి ఒక ఫారం వచ్చింది. సరుకు బరువెంత, ఎంత ఎత్తుకు లేపాలి, నేల నున్నగా ఉందా గతుకులా, ర్యాకుల మధ్య సందు వెడల్పు ఎన్ని అడుగులు. అసలు సంగతంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉందని నాకు తర్వాత తెలిసింది. మెషీను సందులోకి పోవడం గొప్ప కాదట. లోపలికి వెళ్ళాక ర్యాకు వైపు తిరగగలగాలట. సందు ఇరుకైతే వెనక నడుస్తూ తోలుకునే చిన్న స్టాకరు తెచ్చుకోవాలి. విశాలమైతే కూర్చుని నడిపే పెద్ద ఫోర్క్‌లిఫ్టు.

"అమ్మాయ్, నువ్వు జాగ్రత్తగల మనిషివి. అడుగులు లెక్కపెట్టి రాసెయ్," అని ఫారం నా చేతిలో పెట్టారు మేనేజరుగారు.

టేపు మామయ్య దగ్గరుంది. మామయ్య ఆ రోజు నడుం పట్టేసి బస్తాల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. టేపు ఆయన పొట్ట కింద ఉంది. "మామయ్యా, కాస్త పక్కకి జరుగు," అనబోతూ సందు అటువైపు చూశాను. రోజూ నాతోనే వచ్చే బుడ్డిది ర్యాకు కాలు పట్టుకుని నిలబడి ఉంది. దానికప్పుడు ఏడాదీ రెండు నెలలు. ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునే నిలబడేది. నన్ను చూసి నవ్వి, చెయ్యి వదిలేసింది.

ఒకటి. టేపు సంగతి మరిచిపోయాను. రెండు. పిలిస్తే పడుతుందేమోనని పిలవలేదు. ఐదు, ఆరు. మధ్యలో కాస్త ఊగింది, నిలబడింది. పదమూడు. పద్నాలుగు. వచ్చి నా మోకాళ్ళ మీద పడింది.

తల్లైనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ లెక్క ఎక్కడైనా రాసి పెట్టుకోవాలనిపించింది. చేతిలో ఉన్న కాగితం మీద, కనిపించిన ఖాళీలో, "పద్నాలుగు అడుగులు" అని రాసి బుడ్డిదాన్ని ఎత్తుకుని ముద్దులు పెడుతున్నాను. ఇంతలో మేనేజరుగారు వచ్చి, "అప్పుడే అయిపోయిందా!" అని ఆ కాగితం తీసుకుని వెళ్ళిపోయారు.

చెబుదామని నోరు తెరిచాను. కానీ గోడౌనులోకి పిల్లల్ని తీసుకురాకూడదు. మామయ్య మొహం చూసి మేనేజరుగారు బుడ్డిదాన్ని చూడనట్టే తిరిగేవారు. ఆ అడుగులు దానివని చెబితే అది ఉందని ఒప్పుకోవాలి. నోరు మూసుకున్నాను.

నెలకు మెషీను వచ్చింది. పాతవి తిరిగిచ్చేస్తే తప్ప కొత్తది దించనన్నాడు లారీ డ్రైవరు. చేతిబండీ, నిచ్చెనా అదే లారీలో వెళ్ళిపోయాయి. మెషీను మా వంటగదంత ఉంది. దాన్ని నడిపి చూపించడానికి వచ్చిన అమ్మకాలాయన సందు ముందు ఆగి తల గోక్కున్నాడు.

"ఇదేనాండీ పద్నాలుగడుగులు? చూడ్డానికి ఇరుగ్గా ఉందే."

"ఖాళీగా ఉంటే అలాగే కనిపిస్తుంది," అన్నారు మేనేజరుగారు. "కాగితం మీద ఉంది కదా. పోనివ్వండి లోపలికి."

మామయ్య ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఫోర్కుల మీద ఖాళీ పాలెట్ పెట్టగానే దాని మీదెక్కి నిలబడ్డాడు.

"వద్దు మామయ్యా, దిగు, నీకు దండం పెడతాను," అన్నాను.

"ముప్ఫై ఏళ్ళు పాలెట్లను నేనెత్తానే అమ్మడూ. ఇవాళ పాలెట్ నన్నెత్తుతుంది. అడ్డం రాకు."

ఎత్తింది. మొదటి అర, రెండో అర, మూడో అర. మామయ్య పై నుంచి చెయ్యి ఊపాడు. అమ్మకాలాయన స్టీరింగు తిప్పాడు. మెషీను సగం తిరిగింది. ముందు ఫోర్కులు ఒక ర్యాకు మూడో అరలోకి దూరాయి, వెనక భాగం ఎదుటి ర్యాకు కాలికి గట్టిగా ఆనుకుంది. అంతే. ఇక అటూ లేదు, ఇటూ లేదు.

"ముందుకు కదిలితే ఈ ర్యాకు పడుతుంది, వెనక్కి కదిలితే ఆ ర్యాకు పడుతుంది. సందు రెండో చివర నుంచి సరైన మెషీను ఒకటి వస్తే మీ మనిషిని దించొచ్చు," అని అమ్మకాలాయన దిగి చేతులు దులుపుకున్నాడు.

నిచ్చెన లేదు. ఉన్నా ఆ నడుంతో మామయ్య దిగలేడు. పక్క దుకాణంలో నిచ్చెన ఉందని, నలుగురం పట్టుకుని దింపుదామని నేనంటే, మేనేజరుగారు గోడ మీది కాగితం చూపించారు. 'మూడో అర నుంచి ఏ సరుకునూ చేత్తో దించరాదు. విడుదల చీటీ మీద స్టోర్‌కీపరు సంతకం తప్పనిసరి.' ఆ పొద్దునే అంటించిన కాగితం. అంటించింది నేనే.

"స్టోర్‌కీపరు పైనున్నాడు కద సార్?"

"అదే కదమ్మా చిక్కు. తన్ను తానే విడుదల చేసుకుంటే ఆడిటులో ఊరుకోరు."

మధ్యాహ్నానికి అత్తయ్య క్యారియరు పట్టుకుని వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసింది.

"ఏమయ్యా! నలుగురిలాగా కాస్త పైకి రావయ్యా అని ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నా. ఇట్లా వస్తావని ఎవరనుకున్నారు?"

"వచ్చాను కదా, ఇంకా ఏడుపెందుకు?"

"మరి దిగేదెప్పుడు?"

"చూశావుటే అమ్మడూ, పైకొచ్చినవాణ్ణి దిగమంటోంది మీ అత్త!"

బకెట్టుకు తాడు కట్టి క్యారియరు పైకి పంపాం. దుప్పటీ, దువ్వెనా కూడా వెళ్ళాయి. మీరడగబోయేది నాకు తెలుసు. దానికీ ఒక ఏర్పాటు చేశాం. రాయను.

వారం గడిచేసరికి వింత జరిగింది. చదునైన చెక్క మీద పడుకోవడం వల్లనో, లాగడానికి ఏమీ లేకపోవడం వల్లనో, మామయ్య నడుం సాగింది. నిటారుగా కూర్చుని, ఏ పెట్టె ఎక్కడుందో పై నుంచే వేలు పెట్టి చూపించేవాడు. పని ముందుకన్నా చురుగ్గా సాగుతోందని మేనేజరుగారు మురిసిపోయారు. కానీ ఒకసారి బకెట్టు దించుతూ మామయ్య మెల్లగా నాతో అన్నాడు.

"నడుం నిలబడిందే. ఒక్కసారి నేల మీద నిలబడి, తలెత్తుకుని వీధి చివరిదాకా నడిచి చూసుకోవాలనుంది."

ఆ మాట వినగానే అమ్మకాలాయనకు కబురు పెట్టించాను.

ఆయన్ని దించే మెషీను కోసం ఇంకో ఫారం నింపాలి. అమ్మకాలాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"సరుకు ఏమిటి?"

"మా మామయ్య," అన్నాను.

"బరువు?"

"పెళ్ళినాటికి యాభై ఐదు," అంది అత్తయ్య. "తర్వాత నా చేతి వంట తిన్నాడు. డెబ్భై రాసుకో."

"పగిలే రకమా?"

"నడుం ఒక్కటే. నోరు చచ్చినా పగలదు."

"ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చా?"

"ఇలాంటిది ఒకటే వచ్చిందయ్యా నా ఖర్మకి. పేర్చడానికి రెండోది ఎక్కడ?"

"అన్నీ వినిపిస్తున్నాయి!" అని పై నుంచి మామయ్య.

సందు వెడల్పు దగ్గరికొచ్చాక టేపు బకెట్టులో కిందికి తెప్పించుకుని, మూడుసార్లు కొలిచి తిరిగి పైకి పంపాను. ఎనిమిది అడుగులు. ఎనిమిదని రాశాను. హాయిగా నిద్రపోయాను.

నాలుగు రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ సందు మొదట పద్నాలుగు అడుగులు. ఇప్పుడు ఎనిమిది. మిగతా ఆరడుగులు ఏమయ్యాయి? ఎవరు బాధ్యులు?' మేనేజరుగారు గేటు రిజిస్టరు తెప్పించి, ఆరడుగులు పట్టే వస్తువేదైనా బయటికి పోయిందేమోనని పేజీ పేజీ వెతికారు. ఏదీ పోలేదు. పెన్ను తీసి, 'బాధ్యుడు: స్టోర్‌కీపరు' అని రాయబోయారు.

"సార్!" అన్నాను. "ఆ పద్నాలుగూ మా బుడ్డిదానివి సార్. టేపు అడుగులు కాదు, దాని తప్పటడుగులు. తప్పంతా నాది."

మేనేజరుగారు కళ్ళజోడు తీశారు. చాలాసేపు నా చంకలోని పిల్లను చూశారు. అన్నాళ్ళలో అదే మొదటిసారి దాన్ని చూడటం.

"పడకుండా వేసిందా?"

"పడకుండానే సార్. చివర నా మీద పడింది."

"మొదటిసారే?"

"మొదటిసారే సార్."

"నాకు చెప్పలేదేమే!" అని పై నుంచి మామయ్య గొంతు. "అక్కడే బోర్లా పడుకుని ఉన్నాను కదా! ఒక్క మాటంటే తల తిప్పి చూసేవాణ్ణి కాదూ!"

ఇన్నాళ్ళూ పైన కూర్చోబెట్టినందుకు ఆయన నన్నొక్క మాట అనలేదు. దీనికి మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

మేనేజరుగారు ఉన్నది ఉన్నట్టు రాశారు. హెడ్డాఫీసు కూడా కోప్పడలేదు. 'ఏ కొలతతో మొదలుపెట్టితిరో ఆ కొలతతోనే ముగించవలెను. పాప అడుగులలో ఎనిమిది వచ్చిన దినమున ఎనిమిదడుగుల సందుకు తగిన స్టాకరు పంపబడును' అని జవాబిచ్చింది.

ఇక ప్రతి సోమవారం కొలత. నేను ఒక చివర, అత్తయ్య ఒక చివర, మేనేజరుగారు కాగితం పట్టుకుని మధ్యలో. మొదటి వారం పదమూడు. రెండో వారం సందు మధ్యలో కూర్చుని చీటీలు నమిలింది. మూడో వారం గుండ్రంగా పరుగెత్తి నలభై ఒకటి చేసింది. దాన్ని మేనేజరుగారు రద్దు చేశారు. మామయ్య పై నుంచి, "రా తల్లీ, పెద్దడుగు వెయ్యి, తాత చూస్తున్నాడు," అని బతిమాలేవాడు. కాళ్ళు సాగుతాయని అత్తయ్య దానికి రోజూ నూనె రాసేది. పన్నెండు. పదకొండు. పది దగ్గర చాలాకాలం ఆగిపోయింది.

పది దగ్గర ఉండగానే నాకు బదిలీ వచ్చింది. నాకు కాదు, దానికి. ఇంకో ఊళ్ళో ఇంకో గోడౌనుకు మెషీను ఎంచుకోవాలట. 'నమ్మకంగా పనిచేయుచున్న కొలత పరికరమును, దానిని ఎత్తుకొను మనిషితో సహా' పంపమన్నారు. వెళ్ళే రోజు మామయ్య బకెట్టులో తన టేపు దించాడు. "ఇది బుడ్డిదానికి. ఎనిమిది రాగానే కబురు చెయ్యి. ఇస్త్రీ చొక్కా మడతపెట్టి ఉంచుకున్నాను," అన్నాడు.

నిన్న ఇక్కడ నేల మీద టేపు పెట్టి సుద్దముక్కతో ఎనిమిది అడుగుల గీత గీసి, బుడ్డిదాన్ని నడిపించాను. ఎనిమిది వేసింది. నమ్మలేక మూడుసార్లు నడిపించాను. మూడుసార్లూ ఎనిమిదే.

మేనేజరుగారి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. అత్తయ్య కూడా ఎత్తడం లేదు. ఆవిడా పైకెక్కిందేమోనని నా భయం. పోయిన నెల మామయ్యకు రాసిన ఉత్తరం 'గ్రహీత నేల మీద లేరు' అన్న ముద్రతో తిరిగొచ్చింది. నేనే వెళదామంటే ఇక్కడి కొలత పూర్తికానిదే పరికరాన్ని గేటు దాటనివ్వరు. దాన్ని వదిలి నేనెక్కడికి పోను?

అందుకే ఇదంతా రాస్తున్నాను. మీరు వెళ్ళే దారిలో ఎక్కడైనా నీలం షట్టరు, పక్కన సైకిళ్ళ స్టాండు, గుమ్మంలో విరిగిన మెట్టు ఉన్న గోడౌను కనిపిస్తే లోపలికి వెళ్ళండి. మెట్టు దగ్గర జాగ్రత్త. డి వరుస, నాలుగో గడి, మూడో అర. తలెత్తి మామయ్యా అని పిలవండి, ఎవరు పిలిచినా పలుకుతాడు. బుడ్డిదానికి ఎనిమిదొచ్చిందని మేనేజరుగారితో వెంటనే రాయించండి. కాస్త తొందరగా వెళ్ళండి. పిల్ల ఎదుగుతోంది, వచ్చే నెలకు ఏడైపోతే మళ్ళీ తప్పు మెషీనే వస్తుంది. వెళ్ళినప్పుడు మా మామయ్య తిన్నాడో లేదో, నడుం ఎలా ఉందో కూడా ఒక్కసారి చూసి రండి.