గెర్నోట్ చూసిపెట్టిన బండి

హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళ మధ్య ‘మీరు’ అనే మాట ఉండదు. బండి మీద వచ్చినవాడు జిల్లా జడ్జి అయినా నువ్వే, చర్చి పాస్టరయినా నువ్వే. గెర్నోట్ కెస్సెనిష్, నేనూ ఒకే రాళ్ళ క్వారీలో ఏళ్ళ తరబడి ఇంటిపేర్లతో పిలుచుకుంటూ, మీరు, మీరు అనుకుంటూ పనిచేశాం. మొదటిసారి కలిసి మోజెల్ నది వెంట బండ్లు నడిపిన సాయంత్రం బీరు గ్లాసులు తాకించి ‘నువ్వు’లోకి దిగాం. ‘ఒరే’లోకి దిగడానికి ఇంకో గ్లాసు చాలింది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ లోటు వాడు తీర్చాడని ఊరంతా చెప్పుకు తిరిగాను. నా అంత వెర్రివెంగళప్ప ఈ ఐఫెల్ కొండల్లో ఇంకొకడు ఉండడు.

నా భార్య అల్ముట్‌కి చూపు తగ్గిపోతోంది. అంచుల నుంచి మధ్యకి చీకటి కమ్ముకొస్తోందనీ, వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో చెప్పలేననీ కళ్ళ డాక్టరు తేల్చేసింది. ఇంటికొచ్చాక అల్ముట్ ఏడవలేదు. “నాకు ఆల్ప్స్ కనుమలు చూపించు. కారు అద్దంలోంచి కాదు, నీ వెనక కూర్చుని చూడాలి,” అంది. నా పాత బండి వెనక సీటు ఆమె నడుముకి అరగంట కూడా పనికిరాదు. వెడల్పాటి సీటు, వీపుకి దిండు ఉన్న టూరింగ్ బండి కావాలి. అదీ ఈ వేసవిలోనే.

గెర్నోట్‌కి చెప్పాను. “నిన్ను ఒంటరిగా పంపితే బండి అని చెప్పి ఇనప సామాను తోసుకొస్తావు. నేనొస్తా పద,” అన్నాడు.

హున్స్‌రూక్ కొండల్లో ఉండే, రిటైరయిన ఒక మందుల షాపాయన దగ్గర బండి ఉందని వాడే కనిపెట్టాడు. పదేళ్ళ బండి, మీటరు మీద పద్నాలుగు వేల కిలోమీటర్లు. ఆయన ఆదివారాలే, అదీ ఎండ కాస్తేనే, బయటికి తీసేవాడట.

“తక్కువ తిరిగిందని సంబరపడిపోకు,” అంటూ గెర్నోట్ ఆయన ముందే నాకు పాఠం మొదలుపెట్టాడు. “నిలబడ్డ బండికీ రోగాలుంటాయిరా. టైరు పక్కన అది తయారైన వారం, ఏడాది ఉంటాయి, వంగి చదువు. గాడి ఎంత ఉన్నా సరే, పాతబడ్డ రబ్బరు వానలో జారుతుంది. ట్యాంకులోకి టార్చి కొట్టు, తుప్పుందా? ముందు చక్రం ఫోర్కుల మీద వేలితో రాయి, ఆయిలు అంటుతోందా? బ్రేకు డిస్కు అంచు గోటికి తగులుతోందా? ఇంజినుకి చెయ్యి ఆనించు. మనం రాకముందే వేడెక్కి ఉంటే ఏదో దాస్తున్నట్టే.”

అన్నీ చూశాను. టైర్లు మార్చాలని తేలింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి.

“హ్యాండిల్ రబ్బర్లు కొత్తవాటిలా ఉన్నాయేంట్రా?” అన్నాను.

“తిరగని బండికి కొత్తగా కాక నీ బూట్లలా ఉంటాయా?” అని నవ్వాడు. మందుల షాపాయన నవ్వాడు. నేనూ నవ్వాను. వాడకపోయినా పదేళ్ళకి రబ్బరు గట్టిపడుతుందని టైర్ల దగ్గర అప్పుడే విన్నాను కదా, హ్యాండిల్ దగ్గర తట్టొద్దూ? తట్టలేదు. గెర్నోట్ పక్కనుంటే నా బుర్రకి సెలవు.

హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసే పని మాత్రం నన్ను చెయ్యనివ్వలేదు. “ముందు చక్రం లేపాలి, నీ నడుము పట్టేస్తుంది. నేను చూస్తాలే,” అన్నాడు. తిప్పి చూసి, “వెన్నలా ఉంది,” అన్నాడు.

కొత్త టైర్లు వేయించి, ఆల్ప్స్‌కి ముందు రిహార్సలుగా మోజెల్ వైపు బయల్దేరాం. “ద్రాక్షతోటలు ఇంత పచ్చగా ఉంటాయని మర్చేపోయాను!” అని అల్ముట్ వెనక నుంచి అరుస్తూనే ఉంది. కొండ దిగుతుండగా వాన పట్టుకుంది. పెద్ద మలుపులో హ్యాండిల్ నెట్టాను. హ్యాండిల్ మధ్యలో ఎక్కడో పట్టేసినట్టు ఆగింది. ఇంకాస్త బలంగా నెట్టేసరికి రబ్బరు అరచేతిలో గిర్రున తిరిగి చెయ్యి జారిపోయింది. బండి ఎదురు లేన్‌లోకి పోయి, గడ్డిలోకి దిగి, కంచె ముందు ఆగింది. ఎదురుగా ఏ లారీ రాలేదు కాబట్టి బతికాం.

ఊడొచ్చిన రబ్బరు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. లోపల ఏదో జిగురు తడిసి నురగ కడుతోంది. అల్ముట్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చూపు మసకబారినప్పటి నుంచి తనకి ప్రతిదీ వాసన చూడడం అలవాటైంది.

“ఇది హెడ్విగ్ హెయిర్ స్ప్రే,” అంది.

“ఏంటీ?”

“హెడ్విగ్ సెలూన్‌కి వెళ్ళొచ్చిన ప్రతిసారీ నా దిండంతా ఇదే వాసన. ఆ లిల్లీపూల ఘాటు నాకు తెలీదా?”

హెడ్విగ్ గెర్నోట్ భార్య. హ్యాండిల్ రబ్బరు తొడిగేటప్పుడు హెయిర్ స్ప్రే కొట్టడం బండ్లవాళ్ళ చిట్కా. తడి మీద సులువుగా జారుతుంది, ఆరాక పట్టేస్తుంది. కానీ పెళ్ళాం షాపులోంచి ఆ లిల్లీ డబ్బా ఎత్తుకొచ్చి కొట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే. నా పాత బండికీ వాడే తొడిగాడు. అప్పుడు నా చేతులు గుబాళిస్తుంటే, “సెలూన్ పెట్టావేంట్రా?” అని ఏడిపించాడు కూడా.

మెకానిక్ బండి విప్పి తల అడ్డంగా ఊపాడు. హ్యాండిల్ బేరింగులు గాడులు పడ్డాయి, మెడ దగ్గర ఫ్రేము వంగింది, ఎక్కడో గట్టిగా గుద్దిన బండి, లక్ష కిలోమీటర్లు ఏనాడో దాటి ఉంటుంది అన్నాడు. “దీని మీద ఇద్దరు కాదు, ఒక్కరు కూడా ఎక్కకండి.”

ఆదివారం బండ్లవాళ్ళందరం కలిసే కాఫీ హోటల్‌కి బస్సులో వెళ్ళాం. అల్ముట్ బయట బెంచీ మీద కూర్చుంది. గెర్నోట్ ఆపిల్ గుజ్జు నంజుకుంటూ బంగాళదుంప అట్లు లాగిస్తున్నాడు. రబ్బరు వాడి ప్లేటు పక్కన పెట్టాను.

“ఏంట్రా ఇది, అట్టులోకా?”

“వాసన చూడు.”

చూడలేదు. చుట్టూ కలయజూసి గొంతు తగ్గించాడు. “సరే, బండి నాదే. ఆ మందుల షాపాయన హెడ్విగ్ చిన్నాన్న. ఇంజిను మాత్రం బ్రహ్మాండంగా ఉందిరా, ఒట్టు. మీటరు ఎవడు తిప్పట్లేదు చెప్పు?”

“నాక్కూడానా? టైరు మీద ఏడాది చదవడం నేర్పించి మరీ?”

“నేర్పితే నమ్ముతావని...”

“అల్ముట్ కళ్ళ సంగతి నీకు తెలుసు కదరా.”

వాడు అట్టు వైపు చూస్తూ అన్నాడు. “తెలుసు కాబట్టేరా. నీకు తొందర. తొందరలో ఉన్నవాడు హ్యాండిల్ దాకా వెళ్ళడనుకున్నా.”

 వాణ్ణి నేను ఎవరి చేతా ఎప్పుడూ ఒక్క మాట అననివ్వలేదు. అలాంటివాడు నా భార్య కళ్ళని బేరంలో వాడుకున్నాడు. ఇంకో బండి వెతుక్కుని బయల్దేరేసరికి కనుమలు మంచుతో మూసుకుపోతాయి. వచ్చే ఏడు కనుమలుంటాయి, అల్ముట్ చూపు ఉండదు. కొట్టాలనిపించింది. కొట్టాలంటే వాణ్ణి తాకాలి.

“డబ్బంతా తిరిగిచ్చేస్తాలేరా. కూర్చో, కాఫీ చెప్తా,” అన్నాడు.

“వద్దండి. మీరు తాగండి, కెస్సెనిష్ గారూ.”

పక్క బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఒళ్ళో హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. కెస్సెనిష్ గారి మొహం పాలిపోయింది.

“ఒరే లోథార్, ఆ మాట అనకురా. కావాలంటే కొట్టు,” అన్నారాయన.

బయటికొచ్చాను. అల్ముట్ లేచి, నా చెయ్యి కోసం గాలిలో వెతుకుతోంది.

“ఏమన్నావు?”

“మీరు అన్నాను.”

తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం బస్సు కోసం నడిచాం.