ఎడమచేతి వాటం

పాత సామాన్ల మ్యూజియంలో బొమ్మలు గీసే గది ఒకటుంది. అందులో ఒక మొగుడూపెళ్లాం ఎదురెదురు బల్లల దగ్గర పదకొండేళ్లు పనిచేశారు. పళ్లూడిన దువ్వెనైనా, చిల్లుపడిన గరిటైనా సొట్టలతో సహా ఉన్నదున్నట్టు గీయాలి. ఆయనది ఎడమచేతి వాటం. నీడకోసం వేసే సన్నగీతలు అందరికీ ఒకవైపు వాలితే ఆయనకు రెండోవైపు వాలేవి. "మీవారి గీతలకు కూడా ఎదురుతిరగడమే వచ్చమ్మా" అని సూపర్‌వైజరు వేళాకోళం చేసేవాడు.

ఆయన పోయి ఇరవై రోజులైంది. ఆమె ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని కొందరు, ఉన్నదే రాయని కొందరు అన్నారు. లోకం నోటికి మూత ఎక్కడ దొరుకుతుంది? ఆమెకు మటుకు ఏమీ అనిపించడం లేదు. తిన్నా, తినకపోయినా ఒకటే.

ఆయన బల్లమీద బొగ్గుల ఇస్త్రీపెట్టె బొమ్మ సగంలో ఆగి ఉంది. పిడీ, మూతా అయ్యాయి. కిందిభాగంలో కొన్ని గీతలే పడ్డాయి.

సూపర్‌వైజరు నసిగాడు. "రూలు మీకు తెలిసిందేగా. ఒక కాగితంమీద రెండు చేతులు కనబడితే పైవాళ్లు తీసుకోరు. మళ్లీ మొదట్నుంచి గీయించాలి."

"మరి ఇది?"

"చెత్తబుట్టలోకేనమ్మా. ఏం చెయ్యను?"

"నేను పూర్తిచేస్తాను. అతుకు కనబడితే అప్పుడు పారేద్దురుగాని."

వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుంది. కుడిచేత్తో గీస్తే గీత అటు వాలదు. అందుకని కాగితాన్ని అడ్డంగా తిప్పింది. ఆయన గీత బరువుగా మొదలై చివరికి తేలిపోతుంది. ఆ తేలిక చేతికి అలవాటు కావడానికే రెండు రోజులు పట్టింది. చిత్తుకాగితాలు కుప్పపడ్డాయి. అయిదోనాటికి బొమ్మ పూర్తయింది.

సూపర్‌వైజరు భూతద్దం పెట్టి చూశాడు. "ఆయన ఎక్కడ ఆపారో, మీరెక్కడ అందుకున్నారో నాకే అంతుపట్టడం లేదు! ఆయన గీతని ఉన్నదున్నట్టు కొట్టేశారు. మీకూ ఉందమ్మా చేతివాటం!" అని నవ్వి, ముద్ర తేవడానికి లోపలికి వెళ్లాడు.

ఆమె భూతద్దం అందుకుంది. ఆయన గీసిన ఆఖరిగీతను ఒక్కసారి చూసుకుందామనుకుంది. మూత కింద ఉండాలి. ఇదేననుకుంది. కాదు, అది తనదే. పక్కదా? అన్నీ ఒకే వైపు వాలి, ఒకేలా తేలిపోతున్నాయి. మళ్లీ మొదటినుంచి వెతికింది.

"ఏమ్మా, ఏమైనా తప్పు కనబడిందా?" అన్నాడు సూపర్‌వైజరు, ముద్రతో తిరిగొచ్చి.

"లేదండీ, ఏమీ కనబడడం లేదు" అంది.

ఆయన పోయాడని అప్పుడు తెలిసింది ఆమెకు.