గంగయ్య గీకిన తేనెపట్టు

అర్ధవీడు కొండల్లో చెంచు గంగయ్యను ఒక్క తేనెటీగ కూడా కుట్టి ఎరగదు. ఆయన తాడు పట్టుకుని కొండచరియలోకి దిగుతుంటే ఈగలే పక్కకు జరిగి దారి ఇచ్చేవి. అడవంతా రిజర్వు అయిపోయి, కొండతేనె మీద హక్కును తెల్లదొరల సర్కారు ఏడాదికొకరికి వేలం వేస్తున్న రోజులవి.

తేనెకు దిగేవాని తాడు పైన బావమరిదే పట్టుకోవాల. అది చెంచుల కట్టుబాటు. తోడబుట్టినవాడికైనా ఎప్పుడో కోపం రావచ్చు గానీ, అక్క తాళి తెంచే తమ్ముడు ఉండడు గదా. గంగయ్య తాడు బావమరిది బయన్న చేతిలో ఉండేది. ఇంకో కట్టుబాటు, ఈగపిల్లలున్న కింది అంచు ముట్టరాదు. అది మిగిలితేనే ఈగలు మళ్లీ ఆ చరియకు వస్తాయి.

ఆ యేడు వేలంలో తేనె పాడుకున్న మార్కాపురం పాటదారు గూడేనికి వచ్చినాడు.

"ఏం గంగయ్యా, పోయినసారి సగం పట్టు కొండకే ఇచ్చి వచ్చినావంట. కొండ నీకేమన్నా వియ్యంకుడా?"

"అది పిల్లపట్టు అయ్యా. వచ్చే యేటికి."

"వచ్చే యేడు పాట ఎవడిదో. నాకు ఈ యేడే. మొత్తం గీకి తెస్తే గూడెం ఉంటుంది. లేదంటే ఫారెస్టు గార్డుకు ఒక్క మాట చెప్తా, గుడిసెలు లేపేస్తాడు."

గంగయ్య భార్య ఎల్లమ్మ అప్పుడు నిండు చూలాలు.

మర్నాడు గంగయ్య చరియలోకి దిగి, పొగ పెట్టి, కత్తి కింది అంచుకు ఆనించినాడు.

"బావా, అది వద్దు," అన్నాడు పైనుంచి బయన్న.

"మీ అక్క యాడ కంటాదిరా? బండ మీదనా?"

బయన్న తాడు మాత్రం వదల్లేదు. గంగయ్య రాయి తెల్లగా తేలేదాకా గీకినాడు.

ఇక్కడ నా గొప్ప ఒకటి వెనక్కి తీసుకోవాల. ఈగలు కుట్టి ఎరగవన్నాను గదా, ఏటా కుట్టేవి. ఆ రోజు మరీ కుట్టినాయి. పైకి లాగినాక గుమ్మడికాయంత మొహం చూసి, "ఎవరి తాలూకు నాయనా నువ్వు?" అని బయన్నే అడిగినాడు.

ఎల్లమ్మ గుడిసెలోనే ఆడపిల్లను కనింది. మరుసటేడు అడవి పూసింది గానీ ఈగలు ఆ చరియకు రాలేదు. కొత్త పాటదారు ఒట్టి రాయిని చూసి, "దొంగలు, ముందే మింగినారు," అన్నాడు. గార్డు గుడిసెలు తగలబెట్టించినాడు.

రైలుకట్ట కూలికని అందరూ గిద్దలూరు దారి పట్టినారు. ఎల్లమ్మ చంకలో బిడ్డ, బయన్న భుజాన తాడుచుట్ట. రైలుకట్ట మీద ఆ తాడెందుకని ఎవరూ అడగలేదు.

పోతా పోతా గంగయ్య ఆ చరియ దగ్గర ఆగినాడు. ఒక్క ఈగ వచ్చి తెల్లరాయి మీద వాలింది. కాసేపు అటూ ఇటూ వెతికి లేచిపోయింది.

"ఏడాదికి పాడుకున్నోడు ఊడ్చుకుపోతాడు బయన్నా. బిడ్డలు కూడా ఇక్కడే బతకాలనుకున్నోడే అంచు మిగులుస్తాడు. ఆ పొద్దు నేను కూడా పాటదారు మాదిరే గీకినాను."

చదివే అయ్యలారా, అమ్మలారా, అడవి ఎవరి చేతిలో ఉండాలో ఆ మాటలోనే ఉంది. ఇక ఇందులో నేను కల్పించింది ఒక్కటే మిగిలింది, ఆ ఈగ. ఆ రోజు అక్కడికి ఏ ఈగా రాలేదు.